చదవకుండా సంతకం పెట్టకు, అమ్మడూ

ఒంగోలు

అమ్మడూ,

పెద్దమ్మ దీవెనలు. మీ అమ్మకీ నాన్నకీ ప్రభువు నామంలో వందనాలు చెప్పు.

శనివారం మీ అమ్మ ఫోన్ చేసి, అక్కడ అమెరికాలో మీ ప్రెస్బిటేరియన్ సంఘం నిన్ను పెద్దగా ఎన్నుకుందని చెప్పింది. యూత్ లీడర్‌గానా అని అడిగాను. 'కాదక్కా, సంఘ పెద్ద. పాస్టరు గారితో పాటు సెషన్‌లో, అంటే సంఘాన్ని నడిపే పెద్దల సభలో, కూర్చుని ఓటు వేస్తుంది' అంది. పంతొమ్మిదేళ్ల పిల్లకి! మర్నాడు స్త్రీల సమాజం కూటంలో చెప్పకుండా ఉండలేకపోయాను. చాలామంది సంతోషించారు. ఒకావిడ మాత్రం 'అంత చిన్నపిల్లకి పెద్దరికం ఏంటమ్మా, చదువు పాడవదూ' అంది. ఆవిడకి గట్టిగానే జవాబు చెప్పి వచ్చాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతుందో బెంగ కూడా అంతే ఉంది. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని తర్వాత వింటానంటావు. అందుకే కాగితం మీద రాసి స్కాన్ చేయించి పంపుతున్నాను. తెలుగు మర్చిపోయానని సాకు చెప్పకు. ఏడో తరగతి దాకా నా దగ్గరే చదివావు.

మీ నాన్న మీ నిబంధనల పుస్తకం పంపించాడు, బుక్ ఆఫ్ ఆర్డర్ అని. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివాను. మనం బాప్టిస్టులం, ఏ సంఘానికి ఆ సంఘమే. మన కమిటీ తప్పు చేస్తే దాన్ని ఆపే సభ పైన ఇంకొకటి లేదు. మీ పద్ధతి వేరు. సంఘంలో సెషన్, కొన్ని సంఘాలకి కలిపి ప్రెస్బిటరీ, ఆ పైన సినడ్, అన్నిటికీ పైన జనరల్ అసెంబ్లీ. ప్రతి చోటా పాస్టర్లూ, సంఘాలు ఎన్నుకున్న పెద్దలూ కలిసి కూర్చుంటారు. ఓటు దగ్గర పాస్టరు గారిదీ ఒకటే, నీదీ ఒకటే. మన జిల్లాలో ప్రెస్బిటేరియన్ అనే బోర్డు పెద్దగా కనిపించదు గానీ, ఈ పద్ధతి మన దేశానికి మరీ పరాయిదేం కాదు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడినప్పుడు అందులో కలిసినవాటిలో దక్షిణ భారత ఐక్య సంఘం ఒకటి. 1908లో ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ ఒక్కటై పెట్టుకున్నదే అది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. టైముకి ముందే వెళ్లు. కడుపులో ఏదైనా పడేసుకుని వెళ్లు. ఫోను సంచిలో పెట్టు. మోషన్ అంటే ప్రతిపాదన పెట్టడం, సెకండ్ చేయడం అంటే దాన్ని బలపరచడం, సవరణ మీద ముందు ఓటు తీసుకోవడం, ఇవన్నీ నాలుగు మీటింగులు కూర్చుంటే అవే వస్తాయి. ఎవరింటి కష్టమైనా సెషన్‌లో నీ చెవిన పడితే అది అక్కడే ఉండాలి, మీ అమ్మకి కూడా చెప్పకు. చలికాలంలో మీటింగు అయ్యాక రాత్రిపూట ఒక్కదానివే కారు నడుపుకుంటూ రావద్దు. మంచు పడ్డ రోడ్డు మీద కారు ఎలా జారుతుందో మీ నాన్న ఒకసారి వీడియో పంపాడు, అది చూసిన దగ్గర్నుంచి నాకు భయం. ఎవరినైనా దింపమని అడుగు, లేకపోతే మీ నాన్నని రమ్మను. ఇల్లు చేరగానే నాకు మెసేజ్ పెట్టు. మీకు రాత్రి అయితే మాకు తెల్లవారి ఉంటుంది, లేచే ఉంటాను.

ఇక అసలు సంగతి. మామయ్య గుడికి ఎందుకు రాడని చిన్నప్పుడు అడిగేదానివి. ఏదో పనుందని చెప్పి మాట దాటేసేవాళ్లం. ఇప్పుడు నీకు తెలియాలి.

ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి. మీ మామయ్యకి ఇరవై రెండేళ్లు ఉంటాయి. డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నాడు. క్వయర్‌లో తబలా వాడే, క్రిస్మస్ నాటకం రాసేదీ వాడే. ఆ ఏడు మా ఊరి సంఘంలో యవ్వనస్థులంతా గొడవకి దిగారు. కుర్చీలు వేయడానికి, పందిరి కట్టడానికి, మైకు సెట్టు మోయడానికి మేం కావాలి గానీ తీర్మానాల దగ్గర మేం అక్కర్లేదా అన్నారు. న్యాయమైన మాటే. పెద్దవాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, సరే, యూత్ తరఫున ఒకణ్ణి కమిటీలో వేసుకుందాం అన్నారు. అందరూ మీ మామయ్య పేరే చెప్పారు. మీ అమ్మమ్మ ఆ ఆదివారం వాడికి కొత్త చొక్కా వేయించి గుడికి తీసుకొచ్చింది. ఆమె ముఖం చూడాలి ఆ రోజు!

మొదటి మీటింగు పాస్టరు గారి ఇంటి వసారాలో పెట్టారు. ప్రార్థన అయింది, గుడికి సున్నం వేయించడం గురించి మాట్లాడుకున్నారు, టీ తాగారు. లేచేటప్పుడు సెక్రటరీ గారు మినిట్స్ పుస్తకం తెచ్చి, 'ఇక్కడ సంతకం పెట్టు బాబూ, హాజరు కోసం' అన్నారు. పేజీ ఖాళీగా ఉంది. అడుగున అప్పటికే నలుగురైదుగురు పెద్దవాళ్ల సంతకాలు ఉన్నాయి. 'సంగతులన్నీ నోట్ చేసుకున్నాను, ఇంటికెళ్లి పైన తీరిగ్గా ఎక్కిస్తాను' అన్నారట. ఆయన వీడికి సండే స్కూల్లో పది ఆజ్ఞలు నేర్పిన మనిషి. ఆయన పెట్టమంటే ఇరవై రెండేళ్ల పిల్లాడు పెట్టనంటాడా? పెట్టాడు.

సంఘానికి ఊరి బయట కొంత పొలం ఉండేది, మిషన్ దొరల కాలంలో వచ్చింది. ఏటా గుడి దగ్గరే వేలం పెట్టి కౌలుకి ఇచ్చేవాళ్లు. పొగాకు పండే నేల, కౌలు బాగానే పలికేది. పాస్టరు గారి జీతంలో కొంత, పేద పిల్లల ఫీజులు అందులోంచే వెళ్లేవి. ఆ వేసవిలో వేలం జరగలేదు. ఏమయిందని అడిగితే, పదిహేనేళ్లకి ఒకే మనిషికి ఇచ్చేశాం అన్నారు. ఎవరిని అడిగి ఇచ్చారంటే, కమిటీ తీర్మానం ఉంది అన్నారు. ఆ ఆదివారం ఆరాధన కాగానే పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి చూపించారు.

నేను అప్పటికి టీచరుగా చేరి కొన్నేళ్లయింది. జనాన్ని తోసుకుని వెళ్లి చూశాను. సంతకాలు నీలం ఇంకు పెన్నుతో ఉన్నాయి. పైన తీర్మానం నల్ల రీఫిల్‌తో ఉంది. మొదటి నాలుగు లైన్లు విడివిడిగా, గుండ్రంగా రాశారు. కిందికి వచ్చేకొద్దీ చోటు చాలక అక్షరాలు ఇరుకైపోయాయి. చివరి లైను సంతకాల మధ్యలోకి దిగింది, ఒక కొమ్ము మీ మామయ్య పేరు మీదుగా వెళ్లింది. పిల్లల నోటు పుస్తకాలు దిద్దే కళ్లు నావి. సంతకాలు ముందు, రాత తర్వాత అని చూడగానే తెలిసింది. అందరి ముందూ అన్నాను కూడా. అంటే ఏం లాభం? సంతకం నీదా కాదా అని వాణ్ణి నిలబెట్టి అడిగారు. నాదే అన్నాడు. అబద్ధం చెప్పడం రాదు వాడికి. తీర్మానం నిలబడింది.

పెద్దవాళ్ల సంగతి వదిలెయ్. వాణ్ణి విరిచేసింది వాడి స్నేహితులు. యూత్ తరఫున పంపితే పొలం రాసిచ్చి వచ్చావా అన్నారు. 'ఎంత ముట్టింది?' అని అడిగినవాడు ఒకటో తరగతి నుంచి వాడి పక్కన కూర్చుని చదివినవాడు. ఆ రాత్రి మా ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. 'అక్కా, నేను చదవలేదు. చదవడానికి అక్కడ ఏమీ లేదు' అన్నాడు. ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. అన్నం పెడితే ముట్టుకోలేదు. ఆ డిసెంబరులో కేరల్స్‌కి రాలేదు. సంక్రాంతి వెళ్లగానే నెల్లూరు వెళ్లి ఎరువుల కొట్లో గుమాస్తాగా చేరాడు. అప్పట్నుంచి పెళ్లిళ్లకీ చావులకీ తప్ప గుడి గడప తొక్కలేదు. పదిహేనేళ్లు గడిచాక పొలం సంఘానికి తిరిగొచ్చింది. మీ మామయ్య రాలేదు.

నిన్న వాడికి ఫోన్ చేసి నీ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'మీటింగుకి ముందే కాగితాలు ఇస్తారా?' అని అడిగాడు. ఇస్తారటరా అన్నాను. 'అయితే అన్నీ చదవమను. అర్థం కానిది అడగమను. సిగ్గుపడొద్దని చెప్పు' అన్నాడు. వాడి నోటి నుంచి సంఘం గురించి అన్ని మాటలు విని ఎన్నేళ్లయిందో.

అందుకే చెప్తున్నా, కాగితాలు చదువు. ఎజెండా, పోయినసారి మినిట్స్, ట్రెజరర్ రిపోర్టు, మీకు ముందే ఈమెయిల్లో వస్తాయని మీ నాన్న చెప్పాడు. కారులో కూర్చుని ఫోన్లో పైపైన తిప్పేయడం చదవడం కాదు. ప్రింట్ తీసుకో. పోయిన మీటింగులో జరిగింది జరిగినట్టు రాశారో లేదో నీ నోట్సుతో పోల్చుకో. మీ దగ్గర మినిట్స్ రాయడానికి క్లర్క్ అని ఒక పెద్దనే ఎన్నుకుంటారు. క్లర్క్ రాసినదాన్ని తర్వాతి మీటింగులో అందరూ ఒప్పుకోవాలి. మాట తేడాగా కనిపిస్తే అప్పుడే చెయ్యి ఎత్తి దిద్దించు. ఏడాదికోసారి ప్రెస్బిటరీ కూడా మీ మినిట్స్ తెప్పించుకుని చూస్తుంది. ఇంకో చోట ఏం చదివానో తెలుసా? ఆరాధన జరిగే స్థలాన్ని అద్దెకి ఇవ్వాలన్నా, సంఘం ఆస్తిలో మిగిలింది ఏదైనా ఐదేళ్లకి మించి లీజుకి ఇవ్వాలన్నా, ప్రెస్బిటరీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా అంతే. అది చదివి పెన్సిల్ కింద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆ ఒక్క నిబంధన మా ఊళ్లో ఉండి ఉంటే మీ మామయ్య ఇప్పటికీ క్వయర్‌లో ఉండేవాడు.

పైన ప్రెస్బిటరీ ఉంది కదా, వాళ్లు చూసుకుంటారులే అనుకోకు. వాళ్లు చూసేది ఏడాదికోసారి. నువ్వు ఆ గదిలో ఉండేది ప్రతి మీటింగుకీ.

నీకో అలవాటు ఉంది అమ్మడూ, కోప్పడుతున్నాననుకోకు. అర్థం కాకపోయినా తల ఊపుతావు. నాలుగో తరగతిలో భిన్నాలు చెప్పినప్పుడూ అంతే, 'ఆఁ తెలిసింది పెద్దమ్మా' అని, లెక్క ఇస్తే పలక వంక చూస్తూ కూర్చునేదానివి. అడిగితే నేనేమైనా అనుకుంటానని నీ భయం. నేనెప్పుడైనా అనుకున్నానా? అప్పుడు తల ఊపితే ఒక లెక్క తప్పేది, అంతే. సెషన్‌లో తల ఊపితే నీ పేరు ఓట్లలో పడుతుంది. పెద్దవాళ్లు తొందరలో ఉన్నా సరే, 'నాకిది అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి' అను. నీలాగే అర్థం కాక ఊరుకున్నవాళ్లు ఆ బల్ల చుట్టూ ఇంకా ఉంటారు. నేను కమిటీలో ఉన్నన్నాళ్లు చూశాను, ఒకరు అడిగారంటే ఇంకో ఇద్దరు ఊపిరి పీల్చుకునేవాళ్లు.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. మా సంఘంలో మొదటిసారి ఒక ఆడదాన్ని ట్రెజరర్‌ని చేసినప్పుడు, అది నేనే, నెల మొదటి ఆదివారం ఆరాధన కాగానే వసూలూ ఖర్చూ పైకి చదివి, కాగితం గుడి తలుపు మీద అంటించేదాన్ని. కానుకలు ఒక్కదాన్నే ఎప్పుడూ లెక్కపెట్టలేదు, పక్కన ఇంకొకరు ఉండాల్సిందే. కనీసం ఇద్దరు కలిసి లెక్కపెట్టాలనే మాట మీ పుస్తకంలోనూ ఉంది, చూసి సంతోషించాను. బడ్జెట్ వచ్చినప్పుడు పోయిన ఏడు ఎంత అనుకున్నారు, ఎంత వచ్చింది, తేడా ఎందుకొచ్చింది అని అడుగు. దొంగని పట్టుకోవడానికి కాదు. లెక్కలు చూసేవాళ్లకి కూడా ఎవరో అడుగుతారన్న ధైర్యం ఉండాలి. ఎవరూ అడగని ట్రెజరర్ ఎంత ఒంటరో నాకు తెలుసు.

ఇప్పుడు నాకున్న ఇంకో భయం చెప్తాను, బాధపడకు. చిన్నదానివి, ఆడపిల్లవి, ఆ సంఘంలో ఉన్న కొద్దిపాటి ఇండియా కుటుంబాల్లో ఒకదాని పిల్లవి. అన్నీ ఒక్క కుర్చీలో సరిపోతాయని నిన్ను వేసుకున్నారేమో అని అనిపించింది. మీ అమ్మతో అంటే నన్ను కోప్పడింది. మీ సంఘంవాళ్లు మంచివాళ్లే అయ్యుంటారు. అయినా యూత్ గురించి మాట వచ్చినప్పుడు మాత్రమే అందరూ నీ వైపు తిరిగి, పైకప్పు రిపేరు గురించీ పాస్టరు గారి జీతం గురించీ మాట్లాడేటప్పుడు నిన్ను మర్చిపోతే, అక్కడ నువ్వున్నావని గుర్తు చెయ్. మీ పుస్తకంలో పెద్దల గురించి ఒక మాట ఉంది. పెద్దలు కేవలం జనం కోరింది చెప్పడానికి రాలేదు, అందరూ కలిసి క్రీస్తు చిత్తం ఏమిటో వెతకడానికి వచ్చారు అని దాని సారం. అంటే నువ్వు యూత్ తరఫు మనిషివి కాదు. వెనక బెంచీలో చెవులు వినపడక కూర్చునే ముసలావిడకీ నువ్వే పెద్దవి. ఆవిడ ఇంటికి ఒకసారి వెళ్లి కూర్చుని రా. మైకు సరిగ్గా వినపడుతోందా అని అడుగు. నీ ఈడు పిల్లలకి ఏం కావాలో నీకు తెలుసు, ఆవిడకి ఏం కావాలో వెళ్తేనే తెలుస్తుంది.

మన దగ్గర యవ్వనస్థులు నోరు తెరిస్తే పెద్దవాళ్లు వెంటనే బైబిల్లోని రెహబాము రాజు కథ ఎత్తుతారు. వృద్ధుల మాట వినక కుర్రాళ్ల మాట విని రాజ్యం రెండు ముక్కలు చేసుకున్నాడని. మీ దగ్గరా ఎవరైనా ఎత్తవచ్చు. ఎత్తితే గొడవ పడకు, ఆ కథ ఇంటికొచ్చి మళ్లీ చదువు. జనం భారం తగ్గించమని అడిగారు. వృద్ధులు తగ్గించమన్నారు, కుర్రాళ్లు పెంచమన్నారు. అక్కడ తేడా వయసులో లేదు, జనం బాధ ఎవరికి పట్టిందన్న దాంట్లో ఉంది. యోబు గ్రంథంలో ఎలీహు చిన్నవాడు. పెద్దవాళ్లు మాట్లాడినంతసేపూ ఆగాడు, ఆగి మాట్లాడకుండా మాత్రం వెళ్లలేదు. నాకు అతని పద్ధతి ఇష్టం. తిమోతికి పౌలు రాసిన 'నీ యౌవనమును బట్టి ఎవడును నిన్ను తృణీకరింపనియ్యకుము' అనే వాక్యం ప్రతి యూత్ రిట్రీట్ బ్యానర్ మీదా ఉంటుంది, నీకు కంఠస్థమే. దాని కింద రెండు వచనాలు దాటి చదువు. పెద్దలు ఆ కుర్రాడి మీద చేతులుంచిన సంగతి ఉంటుంది. త్వరలో నీకు జరగబోయేదీ అదే.

ఓటు తీసుకోమని అందరూ తొందరపెట్టినప్పుడు, తర్వాతి మీటింగుకి వాయిదా వేయమని మోషన్ పెట్టే హక్కు నీకుంది. ఇది నేను మన ఊరి చరిత్ర నుంచే నేర్చుకున్నాను. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించారని చిన్నప్పుడు చెప్పాను కదా. ఆ రోజుల్లో బాప్తిస్మం కోసం జనం గుంపులుగా వచ్చారు. కూలీ కోసం, గింజల కోసం వస్తున్నారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఆలోచించు. సాయం పనులు అయిపోయాక కూడా జనం రావడం ఆగలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య గురించి అందరూ చెప్తారు. నేను మాత్రం దానికి ముందు ఆగిన నెలల గురించి ఎక్కువ ఆలోచిస్తాను.

నీ మాట ఓడిపోయే రోజు వస్తుంది. తప్పకుండా వస్తుంది. ఆ రోజు కోసమే ఇంత రాస్తున్నాను. మీ పుస్తకంలో దానికో దారి ఉంది. నిర్ణయం తప్పని నీకు అనిపిస్తే, ఆ మీటింగులోనే నీ అసమ్మతిని మినిట్స్‌లో రాయమని అడగవచ్చు, నీ పేరుతో సహా రాస్తారు. జరిగింది నిబంధనలకే విరుద్ధమనిపిస్తే కారణాలతో రాతపూర్వకంగా నిరసన ఇవ్వవచ్చు, అది కూడా ఆ మీటింగులోనే తెలియజేయాలి. ఇంటికొచ్చి ఏడ్చి, పార్కింగ్ లాట్‌లో ఇద్దరితో గొణిగి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే అది లెక్కలోకి రాదు. గదిలోనే చెప్పు. మర్యాదగా చెప్పు, గొంతు వణికినా సరే చెప్పు. చెప్పాక, వచ్చే ఆదివారం అదే గుడికి వెళ్లి, నీకు వ్యతిరేకంగా ఓటు వేసినవాళ్ల పక్కనే కూర్చో. ఇది నేను బతిమాలుతున్నాను అమ్మడూ. మా ఇంట్లో ఇప్పటికే ఒకడు గుడి బయట ఉండిపోయాడు. నువ్వు ఓడిపోతే ఫర్వాలేదు. కోపం వస్తే నాకు ఫోన్ చేసి ఎంతసేపైనా తిట్టు. గుడి మాత్రం వదలకు.

పదవి మూడేళ్లకేనని, వరసగా ఆరేళ్లకి మించి ఎవరూ ఉండకూడదని చదివాను. ఎంత మంచి నియమం! మా వైపు ఒకసారి సెక్రటరీ అయినవాళ్లు ప్రాణం ఉన్నంతవరకూ సెక్రటరీలే. నీ కాలం అయిపోయాక లేచి ఇంకొకరికి కుర్చీ ఇవ్వు. పెద్దగా నీ అభిషేకం ఎలాగూ జీవితాంతం ఉంటుంది. అమెరికాలో ఉత్తరాది ప్రెస్బిటేరియన్లు 1930లో ఆడవాళ్లని పెద్దలుగా ఒప్పుకున్నారు, 1956లో పాస్టర్లుగా. దక్షిణాదివాళ్లకి అందుకు 1960లు దాకా పట్టింది. రెండూ కలిసి 1983లో మీ ఇప్పటి సంఘం అయింది. నీకన్నా ముందు ఎంతమంది ఆడవాళ్లు గది బయట నిలబడితే నీకీ కుర్చీ వచ్చిందో మర్చిపోకు.

మీ అమ్మ ఇంకో సంగతి చెప్పింది. రెండేళ్లకోసారి జరిగే జనరల్ అసెంబ్లీకి మీ ప్రెస్బిటరీ నుంచి యువ సలహా ప్రతినిధిగా నీ పేరు అనుకుంటున్నారట. 2024లో సాల్ట్ లేక్ సిటీలో జరిగింది 226వదని చదివాను. నీ ఈడు పిల్లల్ని పంపుతారు, కమిటీల్లో వాళ్లకి పూర్తి ఓటు ఉంటుంది. మహాసభలో మాట్లాడవచ్చు గానీ ఓటు సలహా మాత్రమే. అయితే ఆ సలహా ఓటు ముందు తీసుకుని, అది చూశాకే అసలు ప్రతినిధులు ఓటేస్తారు. చిన్నవాళ్ల మాట ముందు వినడం నాకు నచ్చింది. కానీ నన్నడిగితే ముందు మీ సెషన్‌లో ఒక ఏడాది కూర్చో. వెయ్యి మంది ముందు మైకు పట్టుకోవడం కంటే, తెలిసిన పది మంది ముందు 'ఇది సరికాదు' అనడం కష్టం. ముందు ఆ కష్టమైనది నేర్చుకో. నీకు వయసుంది, మళ్లీ అవకాశం వస్తుంది. చదువు మాత్రం పక్కన పెట్టకు. సెమిస్టర్ పరీక్షల వారం మీటింగు ఉంటే రాలేనని ముందే క్లర్క్‌కి రాసి పంపు, టెన్షన్ పడుతూ రెండూ పాడుచేసుకోకు.

చేతులుంచే ముందు నిన్ను కొన్ని ప్రశ్నలు అడుగుతారు. వాటిలో ఒకటి, శక్తితో, బుద్ధితో, ఊహతో, ప్రేమతో జనానికి సేవ చేస్తావా అని. సంఘం తన పెద్దల నుంచి ఊహ కూడా కోరడం నేనెక్కడా చూడలేదు. నీకు అది చిన్నప్పటి నుంచీ ఉంది. శక్తి, బుద్ధి దేవుడిచ్చాడు. ప్రేమ మీ అమ్మమ్మ దగ్గర చూశావు. ఆ ప్రశ్నలన్నీ ముందే చదువుకుని, మోకాళ్ల మీద ఒక్కొక్కదానికీ జవాబు చెప్పుకున్నాకే అందరి ముందూ అవునను.

అది ఏ ఆదివారమో తేదీ చెప్పు. మీకు ఉదయం ఆరాధన అంటే మాకు రాత్రి అవుతుంది, మీ నాన్నని లైవ్ లింక్ పంపమను. మీ మామయ్య ఆ రోజుకి నెల్లూరు నుంచి మా ఇంటికి వస్తానన్నాడు. టీవీకి పెద్ద స్క్రీన్ మీద ఎలా పెట్టాలో వాడికి తెలుసట. మీ అమ్మ దగ్గరున్న గంధం రంగు వెంకటగిరి చీర కట్టుకో, కుచ్చిళ్లు జారకుండా పిన్నులు ఎక్కువ పెట్టుకో, మోకాళ్లూనాలి కదా. మొదటి మీటింగు ఎజెండా రాగానే నాకు కూడా ఒక కాపీ పంపు. సెషన్ రహస్యాలు వద్దు, ఎజెండా చాలు.

నీ పెద్దమ్మ